సైడ్‌వాక్ పక్కన మెటల్ డిటెక్టింగ్: మట్టి తీసే ముందు నేల కింది లైన్లను గుర్తించడం

న్యూజెర్సీలోని పాత ఊళ్లలో సైడ్‌వాక్‌కూ (నడిచేవారి కాలిబాటకూ) రోడ్డు అంచుకూ మధ్య నాలుగైదు అడుగుల వెడల్పున ఒక గడ్డి పట్టీ ఉంటుంది. మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవారికి ఇంత చిన్న జాగాలో ఇన్ని పాత నాణేలు దొరికే చోటు మరొకటి అరుదు. వందేళ్లకు పైగా జనం గుర్రపు బండి దిగినదీ, కారు ఎక్కినదీ, జేబులోంచి తాళాలు తీసినదీ, చిల్లర లెక్కపెట్టుకున్నదీ ఆ పట్టీ మీదే. 1909 నుంచి 1958 వరకు ముద్రించిన గోధుమ కంకి సెంట్లు, 1916 నుంచి 1945 వరకు వచ్చిన మెర్క్యురీ డైములు (పది సెంట్ల నాణేలు), 1964 వరకు 90 శాతం వెండితో చేసిన క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు) అక్కడ గడ్డి వేళ్ల కింద ఇంకా ఉన్నాయి. అయితే గ్యాసు, మంచినీళ్లు, కరెంటు, ఫోను, ఇంటర్నెట్ ప్రతి ఇంటికీ వెళ్లేది కూడా ఆ పట్టీ కింద నుంచే. నాణెం కోసం దించిన డిగ్గర్ (మట్టి తీసే చిన్న చేతి పనిముట్టు) గ్యాసు గొట్టానికి తగిలే అవకాశం ఊరి మైదానంలో కన్నా, పాత తోటలో కన్నా ఇక్కడే ఎక్కువ.

కొత్తగా ఈ అలవాటు మొదలుపెట్టినవారు తరచూ ఒక పొరపాటు అభిప్రాయంతో వస్తారు. చేతిలో లోహాన్ని పసిగట్టే యంత్రం ఉంది కాబట్టి కింద లైను ఉంటే అదే చెబుతుందిలే అనుకుంటారు. ఇళ్లకు వచ్చే గ్యాసు గొట్టాలు ఇప్పుడు చాలావరకు ప్లాస్టిక్‌వి. ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగలో గాజు తప్ప లోహం ఉండకపోవచ్చు. మురుగు గొట్టం పాతదైతే మట్టితో కాల్చినదీ, కొత్తదైతే పీవీసీదీ అయి ఉంటుంది. డిటెక్టర్ "ఇక్కడ లోహం ఉంది" అని చెప్పగలదే గాని "ఇక్కడ లైను లేదు" అని ఎన్నడూ చెప్పలేదు. అది మౌనంగా ఉన్నంత మాత్రాన కింద ఏమీ లేనట్టు కాదు. అందుకే ఈ పట్టీ మీద పని యంత్రంతో కాకుండా కళ్లతో, కాగితాలతో, ఫోనుతో మొదలవ్వాలి.

ఈ సంగతి నాకు మొదటి ఏడాదే అనుభవంలోకి వచ్చింది. ఒక మిత్రుడి ఇంటి ముందు పట్టీలో, డిటెక్టర్ తెర మీద డైముకు వచ్చే సంఖ్యకు దగ్గరగా ఒక సిగ్నల్ వచ్చింది. ఆరంగుళాల లోతున వేళ్ల మధ్య పసుపు పచ్చని తొడుగున్న సన్నని రాగి తీగ కనిపించింది. ఎవరో వదిలేసిన పాత తీగ ముక్క అనుకుని రెండు వేళ్లతో పట్టుకుని లాగబోయాను. అటుగా నడిచి వెళుతున్న ఒక పెద్దాయన ఆగి, "అది లాగకు, దాని పక్కనే గ్యాసు గొట్టం ఉంటుంది" అని ఇంగ్లీషులో గట్టిగా అన్నారు. ఆయన చాలా ఏళ్లు గొట్టాలు వేసే పనిలో ఉండి రిటైరైన మనిషి. ప్లాస్టిక్ గొట్టాన్ని పై నుంచి యంత్రంతో కనిపెట్టడం కుదరదు కాబట్టి దాని వెంట అలాంటి తీగను పరుస్తారని, గుర్తులు పెట్టడానికి వచ్చేవారు ఆ తీగలోకి సంకేతం పంపి గొట్టం దారిని పట్టుకుంటారని ఆయనే చెప్పారు. ఆ తీగ తెగితే ఆ రోజుకు ఏమీ జరిగినట్టు కనిపించదు. కాని పదేళ్ల తర్వాత అక్కడ యంత్రంతో తవ్వే వ్యక్తికి గొట్టం ఎక్కడుందో చెప్పే ఆధారం లేకుండా పోతుంది. పసుపు తీగ కనిపిస్తే లాగకూడదు, వంచకూడదు, దాని పక్కన గీకి చూడకూడదు. తీసిన మట్టిని చేతితోనే తిరిగి వేసి, ఆ చోటు విడిచిపెట్టాలి.

అనుమతి

గడ్డి కోసేది ఇంటి యజమానే అయినా ఈ పట్టీ సాధారణంగా వీధికి చెందిన ప్రజా మార్గంలో భాగం. కాబట్టి ఇద్దరిని అడగాలి. ఇంటివారి దగ్గర నోటి మాట సరిపోదు, చిన్న కాగితం మీదనో ఈమెయిల్‌లోనో అనుమతి తీసుకోవడం మంచిది. ఊరి కార్యాలయానికి ఫోను చేసి, వీధి హద్దులోని పట్టీలో చేతి పనిముట్టుతో చిన్న గుంత తీయవచ్చా, దానికి పర్మిట్ కావాలా అని సూటిగా అడగాలి. ఒక్కో ఊరి నిబంధన ఒక్కో రకంగా ఉంటుంది. పార్కుల్లో డిటెక్టర్‌ను అనుమతించే ఊరు వీధి పట్టీలో వద్దనవచ్చు. ఊరి మధ్యలో ఉన్నా నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉండే చారిత్రక స్థలాల్లోకి డిటెక్టర్‌ను భాగాలుగా విప్పి వాడలేనట్టు సర్దిపెట్టకుండా తీసుకువెళ్లడమే నిషిద్ధం. దాని సరిహద్దు పక్క సైడ్‌వాక్ దాకా రావచ్చు కాబట్టి మ్యాపు చూసుకోవాలి. కాదన్నచోట బతిమాలకుండా వచ్చేయడమే మన తర్వాత అడగబోయేవారికి మనం చేసే మేలు.

సెలవులకు ఆంధ్రకో తెలంగాణకో వెళుతూ డిటెక్టర్‌ను పెట్టెలో సర్దుకునే ఆలోచన ఉన్నవారికి ఇక్కడే ఒక మాట చెప్పాలి. భారతదేశంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని అది చెబుతుంది. నేల కింది లైన్ల విషయానికి వస్తే, తవ్వే సంస్థలు ముందుగా లైన్ల యజమానులకు తెలియజేయడానికి కేంద్ర టెలికాం శాఖ 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్‌ను 2023 మార్చి 22న ప్రారంభించింది. రోడ్డు పనుల కోసం వచ్చిన ఏర్పాటది, సరదాగా నాణేలు వెతికేవారి కోసం పెట్టినది కాదు. అక్కడి ఫుట్‌పాత్‌ల పక్కన ఈ పని పెట్టుకోవద్దన్నదే నా సలహా.

811

అమెరికాలో ఎక్కడ తవ్వాలన్నా ముందు చేయవలసిన ఫోను నంబరు 811. దీన్ని 2005లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కేటాయించింది. 2007 మే నుంచి దేశమంతటా వాడుకలో ఉంది. ఫోను ఆ రాష్ట్రపు కేంద్రానికి వెళుతుంది. వారు మన చిరునామా తీసుకుని, అక్కడ లైన్లున్న సంస్థలన్నిటికీ కబురు పంపుతారు. ఆ సంస్థల మనుషులు వచ్చి నేల మీద రంగులతోనూ చిన్న జెండాలతోనూ గుర్తులు పెడతారు. మనకు రూపాయి ఖర్చు లేదు. న్యూజెర్సీలో అయితే కనీసం మూడు పూర్తి పనిదినాల ముందు చెప్పాలి, వేరే రాష్ట్రాల్లో ఈ గడువు కొద్దిగా మారుతుంది.

ఒక్క నాణెం కోసం 811కు ఫోనేమిటని చాలామంది అనుకుంటారు. కొన్ని రాష్ట్రాల చట్టాలు చేతి పనిముట్లతో చేసే తక్కువ లోతు పనిని తవ్వకం కింద లెక్కించవు అన్నది నిజమే. అంతమాత్రాన లైను తెగితే బాధ్యత మనది కాకుండా పోదు, గ్యాసు గొట్టం మనల్ని మినహాయించదు. నేను పాటించే పద్ధతి ఇది. వీధంతా తిరుగుతూ సిగ్నల్ వచ్చినచోటల్లా తవ్వను. ఒక ఇంటిని ఎంచుకుంటాను. అనుమతి తీసుకుంటాను. ఆ ఇంటి ముందు పట్టీ, ముందు పెరడు కలిపి ఒకే అభ్యర్థన పెడతాను. గుర్తులు పడ్డాక రెండు మూడు వారాంతాలు ఆ ఒక్క చోటే ఓపికగా వెతుకుతాను. ఇలా చేస్తే ఫోను చేయడం భారమనిపించదు. పైగా ఒకే చోట పదే పదే తిరిగినప్పుడే, మొదటి రోజు చెత్త కింద వినబడని లోతైన సిగ్నళ్లు బయటపడతాయి.

అభ్యర్థన పెట్టేటప్పుడు తవ్వబోయే హద్దును తెల్లరంగు జెండాలతోనో తెల్ల పెయింటుతోనో ముందే చూపించండి. "ఇంటి ముందు పట్టీ, సైడ్‌వాక్ నుంచి రోడ్డు అంచు దాకా, ఎడమ డ్రైవ్‌వే నుంచి కుడివైపు మేపుల్ చెట్టు దాకా" అన్నంత స్పష్టంగా చెప్పండి. వారిచ్చిన టికెట్ నంబరు రాసి పెట్టుకోండి. గడువు ముగిశాక ఆ టికెట్‌లో ఉన్న ప్రతి సంస్థా గుర్తు పెట్టిందో, తమ లైను లేదని జవాబిచ్చిందో సరిచూసుకోవాలి. ఒకరి జవాబు రాకపోతే తవ్వకూడదు, మళ్లీ ఫోను చేయాలి.

రంగుల అర్థాలను అమెరికన్ పబ్లిక్ వర్క్స్ అసోసియేషన్ నిర్ణయించింది. ఎరుపు కరెంటుకు, పసుపు గ్యాసుకూ చమురుకూ ఆవిరికీ, నారింజ ఫోను, కేబుల్, ఇంటర్నెట్ తీగలకు, నీలం తాగునీటికి, ఊదా శుద్ధిచేసి తిరిగి వాడే నీటికీ పారుదల నీటికీ, ఆకుపచ్చ మురుగుకూ వాననీటి కాలువలకూ వాడతారు. గులాబీ తాత్కాలిక సర్వే గుర్తులకు, తెలుపు మనం తవ్వబోయే చోటుకు. గీత లైను ఎటు వెళుతోందో చెబుతుందే గాని ఎంత లోతున ఉందో చెప్పదు. గీత కూడా అంగుళం కొలతతో కచ్చితంగా పడదు. అందుకే గీతకు రెండు వైపులా కొంత జాగాను జాగ్రత్త ప్రాంతంగా లెక్కిస్తారు. రాష్ట్రాన్ని బట్టి అది సాధారణంగా 18 నుంచి 24 అంగుళాలు, న్యూజెర్సీలో 24. ఇప్పుడు మన పట్టీ వెడల్పు గుర్తుచేసుకోండి. దాని మధ్యగా పసుపు గీత పొడుగునా వెళితే, చెరో రెండడుగులు తీసేయగా మిగిలేది దాదాపు సున్నా. అలాంటి ఇంటి ముందు నేను పట్టీని పూర్తిగా వదిలేసి పెరట్లోకి వెళతాను. గీత అడ్డంగా, వీధి నుంచి ఇంటికి వెళుతుంటే ఆ నాలుగడుగులు వదిలితే మిగతా పట్టీ మనకు దక్కుతుంది.

గుర్తులు చెప్పని లైన్లు

811 ద్వారా గుర్తులు పడేవి ఆయా సంస్థల సొంత లైన్లకే, అది కూడా సాధారణంగా ఇంటికి పెట్టిన గ్యాసు, కరెంటు మీటరు పెట్టె వరకే. మీటరు దాటాక ఉన్నదంతా ఇంటివారిది. పచ్చికకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ గొట్టాలు, తోట దీపాల తీగలు, పెరట్లో గ్రిల్‌కు వెళ్లే గ్యాసు గొట్టం, గ్యారేజీకి లాగిన కరెంటు, ఇవేవీ ఎవరూ వచ్చి గుర్తుపెట్టరు. వీటి గురించి ఇంటివారినే అడగాలి. వారు ఆ ఇల్లు కొనుక్కుని రెండేళ్లే అయితే వారికీ తెలియకపోవచ్చు. నా అనుభవంలో డిగ్గర్‌కు తగిలేవి ఎక్కువగా ఇవే. ఎందుకంటే ఇవి నాణేలున్నంత లోతులోనే ఉంటాయి.

లోతుల సంగతి ఒకసారి పోల్చి చూడాలి. ఫెడరల్ నిబంధనల ప్రకారం వీధిలో వెళ్లే పెద్ద గ్యాసు గొట్టం మీద కనీసం 24 అంగుళాల మట్టి ఉండాలి. ఇంటికి వచ్చే చిన్న గొట్టం మీద వీధి భాగంలో 18, ఇంటి స్థలంలో 12 అంగుళాలు ఉంటే చాలు. ఇళ్ల కరెంటు పని నియమాల ప్రకారం తొడుగు గొట్టం లేకుండా నేరుగా పాతే కేబుల్‌కు 24 అంగుళాలు, పీవీసీ గొట్టంలో వేస్తే 18, రక్షణ స్విచ్ ఉన్న 120 వోల్టుల చిన్న సర్క్యూట్‌కు 12, తక్కువ వోల్టేజీ తోట దీపాల తీగకు 6 సరిపోతాయి. వందేళ్ల నాటి నాణెం సాధారణంగా 4 నుంచి 8 అంగుళాల మధ్య దొరుకుతుంది. కాగితం మీద చూస్తే గ్యాసుకూ నాణేనికీ మధ్య కొంత ఎడం ఉంది. కాని ఆ లెక్క గొట్టం వేసిన రోజుది. ఆ తర్వాత ఎవరో నేల చదును చేసి నాలుగంగుళాల మట్టి తీసేసి ఉండవచ్చు, చెట్టు వేరు గొట్టాన్ని పైకి నెట్టి ఉండవచ్చు. ఇంటర్నెట్, కేబుల్ తీగల సంగతి ఇంకా నికృష్టం. పచ్చికలో పారతో ఒక చీలిక చేసి తీగను అందులోకి దూర్చి పాదంతో నొక్కి వెళ్లిపోయిన చోట్లు నేను ఎన్నో చూశాను. అవి మూడు నాలుగంగుళాల లోతులోనే ఉన్నాయి.

అందుకే డిటెక్టర్ ఆన్ చేయడానికి ముందు పావుగంట పాటు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ నడవండి. గ్యాసు మీటరు ఇంటి గోడకు ఎక్కడ ఉందో చూసి, అక్కడి నుంచి వీధికి నేరుగా ఒక గీత ఊహించుకోండి. గొట్టం సాధారణంగా ఆ దారినే వస్తుంది. సైడ్‌వాక్ దగ్గర అరచేయంత గుండ్రని ఇనుప మూత ఉంటే అది నీళ్ల వాల్వు, దానికి రెండు వైపులా నీళ్ల గొట్టం ఉంటుంది. కరెంటు స్తంభం మీది నుంచి ఒక గొట్టం నేలలోకి దిగుతుంటే, దాని మొదట్లోంచి తీగ ఎటో ఒకవైపు వెళుతోందన్న మాట. వీధి దీపం ఉండి, దానికి పైన తీగలేవీ కనిపించకపోతే కరెంటు పట్టీ కింద నుంచే వస్తోంది. ఆకుపచ్చ ఇనుప పెట్టె, మోకాలెత్తు ప్లాస్టిక్ డబ్బా, సైడ్‌వాక్ పలకల్లో ఒకటి మాత్రం కొత్తగా తెల్లగా ఉండటం, రోడ్డు మీద పొడవాటి తారు అతుకు, పచ్చికలో తిన్నగా పల్లమైన చార, ఇవన్నీ నేల కింద ఎవరో పని చేశారని చెప్పేవే. పచ్చికలో ఆ చారను ఉదయపు ఏటవాలు ఎండలో చూడాలి, నడినెత్తిన ఎండలో అది కంటికి ఆనదు.

డిటెక్టర్ పలికేది వినడం

కరెంటు తీగల దగ్గర డిటెక్టర్ కీచుకీచుమని అర్థంలేకుండా అరుస్తుంది. సెన్సిటివిటీ తగ్గించడం మొదటి మందు. గ్యారెట్ ఏటీ ప్రో అనే డిటెక్టర్ 15 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, దానిలో ఫ్రీక్వెన్సీని కొద్దిగా జరిపే ఏర్పాటు ఉంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ అనే మరో డిటెక్టర్‌లో నాయిస్ క్యాన్సిల్ నొక్కితే అదే నిశ్శబ్దమైన చానల్‌ను వెతుక్కుంటుంది. ఇవేవీ పనిచేయకపోతే ఒకటి గుర్తుంచుకోవాలి. కుక్కలు ఇల్లు దాటిపోకుండా పెరడు చుట్టూ పాతే సన్నని తీగ ఒకటి ఉంటుంది, దానిలోంచి ఎప్పుడూ రేడియో సంకేతం వెళుతుంటుంది. అది ఒకటి నుంచి మూడంగుళాల లోతులోనే ఉంటుంది, ఒక్క దెబ్బకు తెగుతుంది. డిటెక్టర్ ఒక ఇంటి దగ్గర మాత్రమే లయబద్ధంగా అరుస్తుంటే ఇంటివారిని కుక్క సంగతి అడగండి.

పట్టీ మీద చిన్న కాయిల్ (డిటెక్టర్ కింది చివరన ఉండే గుండ్రటి చక్రం) వాడాలి. ఐదారంగుళాల కాయిల్‌తో సైడ్‌వాక్ అంచుకు దగ్గరగా వెళ్లవచ్చు. కాంక్రీటులో ఇనుప జాలీ ఉంటే పెద్ద కాయిల్ మొత్తం దానికే మోగుతుంది. కాయిల్‌ను అంచుకు సమాంతరంగా కదపండి, అంచు మీదుగా అటూ ఇటూ ఊపవద్దు.

సిగ్నల్ వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఒకే చోట ఉత్తర దక్షిణాలుగా ఒకసారి, తూర్పు పడమరలుగా ఒకసారి కాయిల్ తిప్పండి. నాణెం రెండు వైపులా పొట్టిగా, గట్టిగా, ఒకే తీరున పలుకుతుంది. గొట్టమైనా తీగైనా ఒక దిశలో పొట్టిగా, మరో దిశలో సాగదీసినట్టు పలుకుతుంది. తర్వాత ఆ సిగ్నల్‌ను పట్టుకుని రెండు వైపులా నాలుగేసి అడుగులు నడవండి. అది తిన్నగా మీతో పాటే వస్తుంటే అది నాణెం కాదు. ఆపైన కాయిల్‌ను నెమ్మదిగా పైకి లేపండి. నాణెం ధ్వని కొన్ని అంగుళాల్లోనే చచ్చిపోతుంది, ఇనుప గొట్టం అడుగెత్తు నుంచి కూడా మోగుతూనే ఉంటుంది. ఈ మూడు పరీక్షలకు నిమిషం పట్టదు. అనుమానం ఏ కొంచెం మిగిలినా నేను ఆ సిగ్నల్‌ను వదిలేస్తాను. అలా వదిలేసినవాటిలో వెండి నాణేలు కూడా ఉండే ఉంటాయని నాకు తెలుసు.

తీయడం, పూడ్చడం

పట్టీ మీద నేను పెట్టుకున్న హద్దు ఇది. నేల మీద పెట్టిన పిన్‌పాయింటర్‌కు (చేతిలో పట్టే చిన్న డిటెక్టర్‌కు) అందే నాణేన్ని, అంటే రెండు మూడంగుళాల లోతులోనిదాన్ని మొద్దు మొన ఉన్న స్క్రూడ్రైవర్‌తో పైకి లేపుతాను. అంతకన్నా లోతుదైతే, గుర్తులన్నీ దూరంగా ఉన్నప్పుడు మాత్రమే గడ్డి పలకను తెరుస్తాను. ఆరంగుళాలు దాటి దిగను. పొడవాటి పార ఇక్కడ వాడనే వాడను. పాదం బరువంతా మొన మీద పడే పనిముట్టుకు కింద తగిలినది వేరో తీగో చేతికి తెలియదు.

గడ్డి పలకను గుర్రపు లాడం ఆకారంలో మూడు వైపులా మాత్రమే కోయాలి, నాలుగో వైపు వేళ్లతో అంటిపెట్టుకుని ఉండాలి. అలాగైతే గడ్డి బతుకుతుంది. కోసేటప్పుడు డిగ్గర్‌ను నిట్టనిలువుగా గుచ్చకుండా ఏటవాలుగా, రెండంగుళాల చొప్పున, ప్రతిసారీ ఆగి దింపాలి. పలకను వెనక్కి మడిచాక పనిముట్టును పక్కన పెట్టి వేళ్లతోనే మట్టి తీయాలి. మట్టి రంగు మీద కన్ను ఉంచండి. పైన నల్లమట్టి, కింద ఎర్రమట్టి పొరలు పొరలుగా ఉంటే ఆ నేల ఎవరూ కదపనిది. రెండూ కలిసిపోయి కనిపించినా, ఉన్నట్టుండి నున్నని ఇసుక వచ్చినా అక్కడ పూర్వం కందకం తవ్వి పూడ్చారన్న మాట, ఇసుక సాధారణంగా గొట్టం చుట్టూ పోసే పరుపు. కొన్నిచోట్ల రంగు ప్లాస్టిక్ పట్టీ ఒకటి తగులుతుంది. లైను దీని కిందే ఉందని చెప్పడానికే దాన్ని పాతుతారు. ఇసుకైనా ఆ ప్లాస్టిక్ పట్టీ అయినా కనిపించిన వెంటనే ఆపేయండి.

మట్టిని గడ్డి మీద కాకుండా ఒక గుడ్డ మీద పోసుకుంటే తిరిగి మొత్తం గుంతలోకి చేరుతుంది. పలక మూసి, మోకాలితో నొక్కి, ఒక సీసా నీళ్లు పోయాలి. జూలై, ఆగస్టు ఎండల్లో ఎంత నీరు పోసినా పలక ఎండిపోతుంది కాబట్టి ఆ రెండు నెలలూ నేను పట్టీ జోలికి వెళ్లను. పని చేస్తున్నంతసేపూ వచ్చే బండ్లకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చోవాలి, మెరిసే చొక్కా వేసుకోవాలి, హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోవాలి.

ఏదైనా తగిలితే

గ్యాసు వాసన గాని, బుస్సుమనే శబ్దం గాని వస్తే పనిముట్లు, డిటెక్టర్ అక్కడే వదిలి గాలికి ఎదురుగా దూరంగా నడవాలి. దగ్గరలో కారు స్టార్ట్ చేయకూడదు, ఫోను కూడా అక్కడ తీయకూడదు. దూరం వెళ్లాక 911కు, ఆ తర్వాత గ్యాసు సంస్థకు ఫోను చేసి, చుట్టుపక్కల ఇళ్లవారిని హెచ్చరించాలి. లీకును మట్టితో మూయడం, గొట్టాన్ని వంచి పట్టుకోవడం వంటి సాహసాలు వద్దు. వాసన రాకపోయినా గొట్టం మీద గీత పడితే చెప్పి తీరాలి. ఉక్కు గొట్టం పూత లేచిన చోట తుప్పు మొదలవుతుంది, ప్లాస్టిక్‌పై గంటు ఏళ్లు గడిచాక చీలిక అవుతుంది. మీరు మట్టి కప్పేసి వెళ్లిన గీత మరొకరి ఇంట్లో పేలుడు కావచ్చు.

కరెంటు తీగ తెగితే గుంతలోకి మళ్లీ చెయ్యి పెట్టకండి. పాదాల్లో జివ్వుమంటే పాదాలు నేల మీంచి ఎత్తకుండా, రెండూ దగ్గరగా ఉంచి చిన్నగా జరుపుకుంటూ దూరం పొండి. ఇంటర్నెట్ తీగ తెగితే ప్రాణాపాయం లేదు, కాని టేపు చుట్టి పూడ్చిపెట్టకూడదు. వీధిలో ఒకరికి ఆసుపత్రి ఫోను, మరొకరికి ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉండవచ్చు. ఇంటివారికి చెప్పండి, సంస్థకు చెప్పండి, ఖర్చు అడిగితే కట్టండి.

పాత పలకలు లేపినప్పుడు

ఊరివారు పాత సైడ్‌వాక్‌ను తీసి కొత్తది వేసే రెండు మూడు రోజులు ఈ పనిలో ఉన్నవారికి పండుగ లాంటివి. న్యూజెర్సీలో కొన్నిచోట్ల నీలిరాతి పలకల సైడ్‌వాక్‌లు ఇంకా ఉన్నాయి. వాటి కింద నేలను అంతకుముందు ఎవరూ డిటెక్టర్‌తో చూసి ఉండరు. 1859 నుంచి 1909 వరకు వచ్చిన ఇండియన్ హెడ్ సెంట్లు, 1892 నుంచి 1916 వరకు వచ్చిన బార్బర్ డైములు అక్కడ పైపైనే దొరుకుతాయి. ఎందుకంటే పలక కింద గడ్డి పెరగలేదు, ఆకులు కుళ్లి మట్టి పేరుకోలేదు. తవ్వవలసిన లోతు ఒకటి రెండంగుళాలు మించకపోవడమే దీనిలోని గొప్ప సౌలభ్యం.

ఇక్కడ అనుమతి ఇవ్వవలసింది పని చేయిస్తున్న కాంట్రాక్టరు, అతనికి పైన ఊరి ఇంజనీరు. పని జరుగుతుండగా హద్దు దాటి లోపలికి వెళ్లవద్దు. సాయంత్రం కూలీలు వెళ్లే ముందు మేస్త్రీ దగ్గరకు వెళ్లి, మట్టిని కదపకుండా పైపైన చూస్తానని, గుంతలు మిగల్చనని చెప్పి అడగండి. నేల మీద రంగు గీతలు వారి పని కోసం వేసినవే ఉంటాయి, వాటిని చెరపకండి, జెండాలు పీకకండి. ఆ గీతల మధ్య కూడా డిగ్గర్ వాడకుండా వేలితో గీకి తీయగలిగినవే తీయండి. పోయిన అక్టోబరులో అలా అడిగి వెళ్లిన ఒక వీధిలో నాకు గంటన్నర వెలుగు దొరికింది. పసుపు గీతకు అవతల, నీలి గీతకు ఇవతల, ఆరడుగుల జాగాలో మూడు సెంట్లు వచ్చాయి. ఒకటి 1906 నాటిది. బొటనవేలితో మట్టి తుడిస్తే సంవత్సరం అంకెలు నాలుగూ కనిపించాయి. మర్నాడు ఉదయం ఏడింటికే అక్కడ చెక్క అచ్చులు బిగించి, తొమ్మిదింటికల్లా కాంక్రీటు పోశారు.